కరక్కాయ నలుపు

పడవ ఊగినప్పుడు పక్కనున్న చేతిని పట్టుకునే మనిషి, ఒడ్డు చేరగానే ఆ చెయ్యి ఎవరిదని ఎందుకు అడుగుతాడు? పెళ్లి మాటలు కుదిర్చే పెద్దమనుషులను చాలామందిని ఈ ప్రశ్న అడిగాను. కొందరు నవ్వారు. కొందరు చాయ్ తాగమన్నారు.

డానియల్ చండూరులో లైన్‌మన్. అతని తల్లి మెర్సి పుట్టిన ఊరు సాగర్ వెనుకజలాలకు అవతల ఉంది. రోడ్డు మీద వెళితే గుట్టలన్నీ చుట్టి రావాలి; నీటి మీద ఎదురుగానే కనిపిస్తుంది. తన చేతులతో కట్టిన పడవలో తల్లిని అక్కడికి తీసుకువెళ్లాలని అతని కోరిక. కిరాయి ఇంటి వెనుక జాగాలో, ఫోనులో వీడియోలు చూస్తూ, గుమ్మడి టేకు పలకలతో పడవ తయారుచేశాడు. పలకలు మరీ పాలిపోయి ఉన్నాయి. పెయింట్ వేస్తే చెక్కలోని గీతలు మూసుకుపోతాయి. అందుకే ఒక పలక ముక్క చంకన పెట్టుకుని, తేలియా అనే గళ్ల రుమాళ్లు నేసే పరమేశ్వర్ ఇంటికి వచ్చి, రంగుల కొట్టం ముందు నిలబడ్డాడు.

లోపల కాగు దగ్గర పరమేశ్వర్ కూతురు రోజారమణి ఉంది. మోచేతుల దాకా నలుపు.

"మేడం, నూలుకేసే రంగు కట్టెకు పడతదా?"

"ఎందుకు, కట్టెకు చీర కట్టిస్తవా?"

"చీర కాదు, పడవ."

"చండూర్ల పడవనా! నీళ్ల ట్యాంకర్ల ఏసుకుంటవా ఏంది?"

"నవ్వుడు అయినంకనే చెప్పు. గప్పటిదాంక గిట్లనే నిలబడ్త."

అతను గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఏ ఇళ్లు తనను లోపలికి పిలవవో అతనికి పసితనం నుంచే తెలుసు. మనం అంత శ్రద్ధగా నేర్పిన పాఠం మరొకటి లేదు.

ఆదివారం రోజారమణి రెండు కుండలతో అతని పెరట్లోకి వచ్చింది. ఇంటి యజమానురాలు భద్రమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కాపలా కూర్చుంది.

మొదటి కుండలో కరక్కాయ నానబెట్టిన నీళ్లు. అవి పూస్తే చెక్క కొద్దిగా పచ్చబడింది, అంతే. రెండో కుండలో బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము మురగబెట్టి, వడగట్టిన రసం.

"గీ చాయ్ నీళ్లతోని ఏమైతది?" అన్నాడు డానియల్.

"మాట్లాడకు. చూడు."

ఆమె ఆ రసంలో కుంచె ముంచి, పలక మీద ఒక్క గీత గీసింది. ముందు బూడిద రంగు, ఆపైన నేరేడు పండు రంగు వచ్చాయి. తరువాత నలుపు చెక్కలోపలి నుంచే పైకి వచ్చింది. చెక్కలోని ఒక్క గీత కూడా మాసిపోలేదు. చెట్టు బతికిన ఏళ్లన్నీ ఆ నలుపులో చారలుగా లేచి నిలిచాయి. భద్రమ్మ చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. డానియల్ చెక్కను చూశాడు, తరువాత ఆ నల్లటి చేతులను చూశాడు. ఎక్కువసేపు చూసినది చేతులనే.

"కరెంటు షాక్ గిట్ల కొట్టిందా?" అంది రోజారమణి.

"కొట్టింది. దీనికి ఫ్యూజు తీసుడు నాకు రాదు."

పడవ ఒక వైపు ఇద్దరూ కలిసి పూశారు. రెండో వైపు పని ఆమె ఒక్కతే చేసింది. అతను డ్యూటీకి వెళ్లాడు. తేలియా నూలుకు రంగుకు ముందే నూనె పట్టిస్తారు. చేతులు అలవాటు ప్రకారం నడిచాయి. పలకలకు నూనె రాసి, తరువాత రంగు పూసింది. సాయంత్రం డానియల్ వచ్చేసరికి ఆ వైపంతా పేలవంగా, మచ్చలు మచ్చలుగా ఉంది.

"కట్టెకు నూనె ఆఖరుకు కదా, రమణీ!"

"ముందుగాల చెప్పాలె గద! మా ఇంట్ల పుట్టినోళ్లు ఎవరైనా గిట్లనే చేస్తరు!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను ఉప్పుకాగితం తీసి పలకలు రుద్దడం మొదలుపెట్టాడు. ఆమె ఒక మచ్చ ముందు ఆగిపోయింది.

"ఆగు జర. మేం నూలుకు ముడి కట్టిన కాడ రంగు పట్టదు. గిక్కడ నూనె పెట్టిన కాడ పట్టలే. రెండూ ఒక్కటే కద!"

పలకలన్నీ శుభ్రంగా రుద్దాక, ఆమె సన్నని కుంచెతో నూనె గళ్లు పెట్టింది. తండ్రి రుమాలుకు పెట్టే గళ్లే అవి. తరువాత కరక్కాయ, ఆపైన ఇనుపరసం. నలుపులోంచి తెల్లని గళ్లు బయటపడ్డాయి, అంచులు నిజమైన నేతలాగే కొద్దిగా చెదిరి.

ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారన్న కబురు పరమేశ్వర్‌కు చేరింది.

"పడవలు చేసుకునేటోనికి పిల్లనిస్తనా?" అన్నాడు.

పడవ అన్నాడు, చర్చి అనలేదు, వాడ పేరు అనలేదు. మింగిన మాటలు ఏవో కూతురికి తెలుసు.

"ఇయ్యకు బాపూ. కానీ నేనేసిన రంగు చూడు. బాగలేదంటే ఇగ ఆ పేరు ఎత్తను."

తన జీవితాన్ని ఆమె ఆ నలుపు మీద పెట్టింది. రంగు చూడమంటే కాదనడం పరమేశ్వర్‌కు చేతకాదు.

వెనుకజలాల ఒడ్డున ట్రాక్టర్ మీది నుంచి పడవను దించారు. పరమేశ్వర్ దాని చుట్టూ తిరిగాడు. తన గళ్ల దగ్గర ఆగాడు. తెల్లని తువ్వాలు కొస నీళ్లలో ముంచి, నలుపు మీద గట్టిగా రుద్దాడు. కొత్త రుమాలును ఆయన పరీక్షించే పద్ధతి అదే. తువ్వాలు తెల్లగానే ఉంది. మళ్లీ రుద్దాడు. తెల్లగానే ఉంది.

"రంగు దిగలే," అన్నాడు, దేవుని ముందు మాట్లాడినంత మెల్లగా. "కట్టె మీద గీ నలుపు... మా తాత గిట్ల చూస్తే ఏడ్చేటోడు."

"ఎక్కుండ్రి కాకా," అన్నాడు డానియల్.

ఎక్కాడు. మెర్సి అప్పటికే ముందు కూర్చుని ఉంది. గాలికి పడవ పక్కకు ఒరిగింది. పరమేశ్వర్ చప్పున డానియల్ చెయ్యి పట్టుకున్నాడు. నీటిలో గళ్లు వణికాయి. ఒక రుమాలు చెరువంత విప్పారినట్టు కనిపించింది. తెడ్డు రోజారమణి అందుకుంది.

అవతలి ఒడ్డు వచ్చింది. అందరూ దిగారు. రోజారమణి తండ్రి చేతినే చూస్తోంది. అది ఇంకా డానియల్ చేతిలోనే ఉంది.

"పిల్లగా, గీ ఇనుపరసం ఇంకో నెల మురిగితే ఇంకా మంచిగుంటది. రేపు ఇంటికి రా, చూపిస్త."

"గడప కాడ నిలబడాల్నా కాకా?"

పరమేశ్వర్ తల దించుకున్నాడు. "లోపటికి రా," అన్నాడు.

ఇది చదువుతున్న మీ గడప బయట ఎవరిని నిలబెట్టారో మీకు తెలుసు. ఈ పేజీ మూసేయండి. లేవండి. వెళ్లి వాళ్లను లోపలికి పిలవండి.