వెనక సీట్లో రాధారాణి

రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోక ఆ ఆదివారానికి యాభై మూడు రోజులు! మధ్యలో నలిగిపోతున్నది రాధారాణి. కొడుక్కి అన్నం పెట్టమని ఆయన చెప్పేవాడు, నాన్నకి మందులు తెచ్చానని చెప్పమని వాడు అనేవాడు... ఇద్దరూ అడుగు దూరంలోనే కూర్చుని! మాటలు చేరవేసి చేరవేసి ఆ తల్లి గుండె బరువెక్కిపోయింది. మగవాళ్ల పంతాలకి ఇంటి ఆడది పోస్టుమాన్ కావాలి కాబోలు!

గొడవంతా రాజశేఖర్ ఉద్యోగం గురించే. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, స్నేహితుడు హరిబాబుతో కలిసి ఒక పాత జర్మన్ కారు కొని పెళ్లిళ్లకి అద్దెకి తిప్పుతానన్నాడు. రైల్వే యార్డులో ముప్పై ఎనిమిదేళ్లు ఇంజన్లకి సైగలు చేస్తూ షంటింగ్ పని చేసి రిటైరైన తవిటయ్యకి నెల జీతం లేని బతుకు బతుకే కాదు. ఆ రోజునుంచి కొడుకుతో మాట మానేశాడు. తను వేరే గది చూసుకున్నానని మొన్న శుక్రవారం రాజశేఖర్ తల్లికి చెప్పాడు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు... వాడూ గుమ్మం దాటిపోతే ఇక ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? రెండు రోజులుగా ఆమెకి ముద్ద దిగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే కోల్‌కతా నుంచి రెండు కార్లు వచ్చాయి. ఒకటి నీలం బి.ఎం.డబ్ల్యూ, రెండోది తెల్ల ఆడీ. సాయంత్రంలోగా ఒకటి ఉంచుకుని రెండోది పంపేయాలి. రాజశేఖర్ తల్లిని కూర్చోబెట్టి ఉత్సాహంగా వివరించాడు. నీలంది ఆరు సెకన్లలోపే వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట, మలుపుల్లో రోడ్డుని అంటిపెట్టుకుని పోతుందట. తెల్లదానికి ఏడు సెకన్లు దాటుతుంది, ధర మాత్రం తక్కువ. నీలందే కొంటానన్నాడు. వరండాలో తవిటయ్య పేపరు అడ్డం పెట్టుకుని అన్నీ వింటూనే ఉన్నాడు.

రాధారాణి అంతా విని నిదానంగా అడిగింది.

"గోల్‌బజార్లో పెళ్లి ఊరేగింపు ఎంత స్పీడులో ఎల్తాదిరా? బ్యాండోళ్లు ముందు నడుస్తారు, బండి ఎనకాల పాకుతాది. ఆ ఆరు సెకన్లు ఏటి సేసుకుంటావు?"

నెల్లాళ్లు లెక్కలు వేసిన రాజశేఖర్‌కి ఈ సంగతి తట్టనేలేదు!

ఆమె లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది. పెళ్లికూతురు కూర్చునే చోట తనే కూర్చుని చూస్తానంది. బండి నడక వేగంతో కదలాలి, బ్యాండువాళ్ల బదులు ముందు ఎవరో ఒకరు నడవాలి. ఆ నడిచేది మీరేనని భర్తతో చెప్పింది. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆమె ఆయనకి పని చెప్పడం అదే మొదలు! తవిటయ్య ఒక్క క్షణం చూసి, పేపరు మడిచి చెప్పులు వేసుకున్నాడు.

రాజశేఖర్ తోలుతుండగా ముందు నీలంది బయలుదేరింది. తవిటయ్య ముందు నడుస్తూ, యార్డులో ఇంజన్‌కి చేసినట్టే సైగలు చేశాడు. చెయ్యి మెల్లగా ఆడిస్తే నెమ్మదిగా రమ్మని, రెండు చేతులూ పైకెత్తితే ఆగమని. చిన్నప్పుడు తండ్రి పని చూసిన కొడుకు ఒక్క సైగా తప్పలేదు. కానీ నీలంది ముందుకు ఉరకాలనే చూసింది, స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా రాధారాణి తలలో పూలు ఊగిపోయాయి. తరవాత తెల్లది... ఊయలలో కూర్చున్నట్టే ఉంది!

మలుపులో ఆటో అడ్డం వచ్చింది. తవిటయ్య రెండు చేతులూ ఎత్తాడు. బండి ఆగింది. ఆయన మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"ఏరా, ఇంజన్ ఏడెక్కినాదేటి?"

యాభై మూడు రోజుల తరవాత మొదటి మాట! వెనక సీట్లో రాధారాణి ముందుకు వంగింది.

"నేదు నాన్నా..." అన్నాడు రాజశేఖర్.

"అయితే ఇదే కొను. బాగానే తోల్తున్నావు. గదీ గిదీ ఏటొద్దు, బండి మన గుమ్మంకాడే పెట్టుకో."

రాజశేఖర్ స్టీరింగ్ మీద తల ఆనించేశాడు. తల్లి కళ్లు ధారలు కట్టాయి. తవిటయ్య వెనక తలుపు తీసి, పరీక్ష అయిపోయింది దిగమన్నాడు. ఆమె కదల్లేదు.

"అవనేదండీ. పెళ్లిబండిలో పెళ్లికూతురు ఒక్కర్తే కూకోదు కదా. మీరూ ఎక్కండి."

తవిటయ్య సిగ్గుపడుతూ వీధి అటూ ఇటూ చూశాడు. చొక్కా సర్దుకుని ఎక్కి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"పోనీరా, రాజూ" అన్నాడు.