అడగకుండా వచ్చిన కరెంటు

ఇంజినీర్ మధు ఊపిరాడక చనిపోయిన రోజు, నానక్‌రామ్‌గూడ ఆఫీసు సర్వర్ రూమ్‌లో అతని పక్కనున్న ఫోన్ మోగలేదు. మంటలార్పే గ్యాస్ విడుదలవుతోందని హెచ్చరించడానికి కంట్రోల్ రూమ్ చివరిదాకా రింగ్ చేసింది. సైరన్ తీగ ఎవరో తెంపారు. ఫోన్ మాడిపోయి ఉంది. రిపోర్టులో ప్రమాదమని రాశారు.

ఆ రోజు డయల్ చేసింది నిఘా విభాగం ఏజెంట్ రవీందర్.

కొన్ని వారాల తరువాత చీఫ్ యజ్ఞనారాయణ అతన్ని పుప్పాలగూడలోని ఒక ఖాళీ ఫ్లాట్‌కు పిలిచాడు.

“మధుది ప్రమాదం కాదండి. విదేశీ ముఠా. ఇప్పుడు వాళ్ల టార్గెట్ ఇంజినీర్ రసజ్ఞ. వాళ్ల కోడ్ విప్పుతున్నది ఆవిడే. సర్వర్ రూమ్‌లోకి మొబైల్స్ తీసుకెళ్లనివ్వరు. ముఠాలో ఉన్న మన మనిషి జయంతి మీకు సాయం చేస్తుంది.”

“ఆమెను నమ్మొచ్చా సార్?”

“ఇంతవరకు నమ్మాం.”

ఆ మధ్యాహ్నం టెలిఫోన్ టెక్నీషియన్ యూనిఫామ్‌లో రవీందర్ సర్వర్ రూమ్ బయటి కారిడార్‌లో నిచ్చెన ఎక్కాడు. సీలింగ్ పలక జరిపి, రసజ్ఞ ఫోన్‌కు వెళ్లే ఈథర్‌నెట్ కేబుల్‌ను ఊడదీసి, ఫోన్లన్నిటికీ లైన్లు పంచే స్విచ్ వైపు కొసకు టెస్టర్ పెట్టాడు. ఆ ఫోన్‌కు మాటా, కరెంటూ రెండూ అందులోనే వెళ్తాయి.

కింద జయంతి, పట్టుచీరలో.

“బాగానే పనిచేస్తోంది కదండీ. కెలకడం ఎందుకు?”

“పోయినసారి గూడ గట్లనే అన్నరు మేడమ్. జర నిచ్చెన పట్టుకోండి.”

“చీర నలుగుతుందండీ.” నవ్వి, చేతి వాచ్‌ను ఒకసారి తాకింది.

టెస్టర్‌లో ఎర్రదీపం వెలిగింది.

సరైన స్విచ్ ముందు చిన్న వోల్టేజీతో అడుగుతుంది, అవతల కరెంటు కావలసిన ఫోన్ ఉందా అని. జవాబొస్తేనే ఇస్తుంది. ఊడదీసిన కేబుల్‌కు ఏమీ ఇవ్వదు. ఈ కరెంటు అడగకుండా వచ్చింది.

“టైమ్ చూసుకున్నరా మేడమ్, ఫోన్ మాడ్చిన్రా?”

జయంతి లిఫ్ట్ వైపు పరుగెత్తింది. ఆమె వాళ్ల మనిషే.

ఇయర్‌పీస్‌లో కంట్రోల్ రూమ్ నుంచి యజ్ఞనారాయణ గొంతు: “గ్యాస్ కౌంట్‌డౌన్ మొదలైందండి! ఆపలేకపోతున్నాం. సైరన్ మోగట్లేదు.”

“జయంతి కిందికొస్తుంది. పట్టుకోండి సార్.”

సర్వర్ రూమ్ తలుపు రసజ్ఞ కార్డుకే తెరుచుకుంటుంది. లోపల ఆమె ఒక్కతే, చుట్టూ ఫ్యాన్ల హోరు. తలుపు బాదినా వినపడదు, పక్కనున్న ఫోన్ మోగితేనే వినపడుతుంది. రవీందర్ సీలింగ్‌లో తడిమాడు. కేబుల్ మధ్యలో అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. దాన్ని పీకేసి కేబుల్‌ను నేరుగా కలిపాడు. స్విచ్ అడిగింది, ఫోన్ జవాబిచ్చింది. కానీ ఆ ఫోన్ మళ్లీ మొదలవడానికి కొంత టైమ్ పడుతుంది.

కారిడార్ ఫోన్ అందుకుని డయల్ చేశాడు. మోగలేదు. మళ్లీ చేశాడు. మోగలేదు.

“లే తల్లీ. జల్ది లే.”

రింగ్ వినిపించింది.

“హలో, ఎవరండీ?”

“ఇరానీ చాయ్ చల్లారింది.”

వెంటనే బయటికి రమ్మని ముందే అనుకున్న కోడ్ అది. రసజ్ఞ ఫోన్ వదిలి పరుగెత్తింది. తలుపు తెరుచుకుని ఆమె బయటపడేసరికి వెనక గ్యాస్ బుస్సుమంది.

గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ అంది: “నిజంగా చాయ్ ఉందా?”

“క్యాంటీన్ల ఉంది. మంచిగుండదు.”

జయంతి గేటు దగ్గర దొరికింది. ఆమెను పంపినవాళ్లు దొరకలేదు.

ఆఫీసు ఫోన్ డైరెక్టరీలో మధు పేరు ఇంకా ఉంది. తీసేసే పని రవీందర్‌కు అప్పగించారు. ఇంకా తీయలేదు.