కాటా గదిలో మూర్తిగారు

చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో ఓ బెల్లం గోదాం ఉంది. దాని కాటా గదికి మంచి పేరు లేదు. గుమస్తా వేంకటరమణమూర్తిగారు అక్కడ కుర్చీలోనే పోయారట. పొద్దు వాలాక కీబోర్డు టకటకలాడుతుందని లారీవాళ్లు ఒట్టేసి మరీ చెబుతారు.

ఉదయ్‌కుమార్ నవ్వేశాడు. నెట్‌వర్క్ ఇంజనీరు కదా — దెయ్యానికి ఐపీ అడ్రసు ఉండదన్నాడు. ఆ ముక్క తలుచుకుని ఇప్పుడు తనే లెంపలేసుకుంటాడు.

పని ఇదీ. ఆ గదిలో కంప్యూటర్లని కలిపే స్విచ్‌కి ఇరవై నాలుగు పోర్టులు, అంటే వైర్లు గుచ్చే కన్నాలు. ఇకమీదట ఎవరు వైరు గుచ్చినా అది "నువ్వెవరు?" అని అడగాలి. పేరు, పాస్‌వర్డు సరిపోతేనే లోపలికి. ఇప్పటికే రెండుసార్లు చెడగొట్టాడు. తెల్లారి లారీలొచ్చేసరికి ఇది నడవకపోతే ఇంటికెళ్లిపొమ్మని మేనేజరు ఫణిశ్రీ మేడం చెప్పేసింది. పగలు కాటా ఆపడానికి లేదు గనక రాత్రే చెయ్యాలి.

ల్యాప్‌టాప్ నుంచి సెట్టింగులకో వైరు, ఇంటర్‌నెట్‌కో వైరు స్విచ్‌కి గుచ్చాడు. కమాండ్లన్నీ కొట్టాడు. అంతే... పదమూడో పోర్టు దీపం నారింజ రంగులో కొట్టుకుంది. తెర మీద ఓ లైను పడింది —

పోర్టు పదమూడు. పేరు రమణమూర్తి. అనుమతి లేదు.

నిమిషం ఆగి... మళ్లీ అదే పేరు. ఇంకో నిమిషానికి... మళ్లీ.

దెయ్యం రెండుసార్లే పిలుస్తుందిరా అనేది నాయనమ్మ. ఇది దాన్నీ మించిపోయి మూడోసారి కూడా పిలిచింది! ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, వైర్లు పీక్కుని, ఒంటి చెప్పుతో బయటపడ్డాడు.

గేటు కాపలా చిన్నతల్లి టార్చి పట్టుకుని లేచింది. "ఏటి బాబూ?"

"మూర్తిగారు... లోపలున్నారు," కాటా గదికేసి వేలు చూపించాడు.

ఆవిడ వెళ్లి చూసొచ్చింది. "దీపం ఆరిపోనాది. ఎవుళ్లూ లేరు."

ఉదయ్‌కి ఉద్యోగం గుర్తొచ్చింది. ఆవిడ వెనకాలే నక్కుతూ వెళ్లి వైర్లు గుచ్చాడు. నారింజ దీపం... కొట్టుకుంది.

"వచ్చారు!" అరిచాడు ఉదయ్.

చిన్నతల్లి దీపాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "నువ్వొస్తే వస్తన్నాడు, నువ్వెల్తే ఎల్లిపోతన్నాడు. నీ యెంట తెచ్చుకున్నావేమో సూసుకో బాబూ."

ఉదయ్ మెల్లగా ల్యాప్‌టాప్ తిరగేశాడు. అడుగున పాత స్టిక్కరు — వేంకటరమణమూర్తి, గుమస్తా.

ఆయన పోయాక ఆ ల్యాప్‌టాప్ ఇతనికిచ్చారు. అందులో ఆయన పేరు తీసేసి నీది పెట్టుకోమని మూడు నెలల కిందటే చెప్పారు. రేపు చూద్దాం అని బద్ధకించాడు. ఇంటర్‌నెట్ వైరు తను గుచ్చింది పదమూడో పోర్టుకే. స్విచ్ "నువ్వెవరు?" అన్నప్పుడల్లా ఆ ల్యాప్‌టాప్ పాపం పాత యజమాని పేరే చెప్పింది. అనుమతి జాబితాలోంచి ఆ పేరు కొట్టేసింది మాత్రం ఉదయే. అంటే జాబితాలో లేని పేరుని స్విచ్ సరిగ్గానే ఆపుతోంది, పని ఎప్పుడో అయిపోయింది. సొంత విజయం చూసి పరిగెత్తిన మొనగాడు!

తెల్లారి ఫణిశ్రీ వచ్చింది. "టెస్ట్ చేశావా?"

నిజం చెబితే బద్ధకం బయటపడుతుంది. "చేశాను మేడం," అన్నాడు. "మూర్తిగారు నాలుగుసార్లు వచ్చారు. రానివ్వలేదు."

ఆవిడ మొహం పాలిపోయింది. అతని ఉద్యోగం నిలిచింది. పొద్దు వాలాక ఆవిడ ఇప్పటికీ ఆ గది గడప తొక్కదు. మేడంకి చెప్పొద్దని, ఈ కథ విన్న ప్రతివాళ్ల చేతా ఉదయ్ ఒట్టేయించుకుంటాడు.