నలభై ఒకటో లైను

పామర్రు దాటాక రోడ్డు పక్కనే ఆ రైస్ మిల్లు. మధ్యాహ్నం రెండున్నర. గేటు దగ్గర అరుగు మీద, ఆ మిల్లులో పనిచేసిన రత్తయ్య భార్య అమలమ్మ కూర్చుని ఉంది. ఆయన పోయిన దగ్గర్నుంచీ, మూడు వారాలుగా అక్కడే కూర్చుంటోందని వాచ్‌మన్ విసుక్కున్నాడు. నన్ను చూసి లేచింది.

"అమ్మాయిగారూ, ఒక్క మాట. మాయన ఆ ఎర్ర బటన్ నొక్కాడా, లేదా?"

"లేదమ్మా. నొక్కితే మెషీన్‌లో రాసుండేది," అన్నాను నడుస్తూనే.

రత్తయ్య తాగొచ్చి బెల్టులో చెయ్యి పెట్టాడని ఊరంతా అంటోంది. ఆవిడకి కావాల్సింది ఆ ఒక్క జవాబే. అసలు సంగతి నాకు తెలుసు.

మా కంపెనీ బెజవాడ ఆటోనగర్‌లో ఉంది. మిల్లుల్లో మోటార్లు నడిపే కంట్రోల్ పెట్టెలు చేస్తాం. పాత పెట్టెలోని ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొత్త ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు మీద నడిపించే పని నాకిచ్చారు. నాలుగు నెలలు నా ప్రాణం తోడేసింది. బోర్డు లేస్తుంది, మెమరీ కార్డు చదివే దగ్గరికొచ్చి బిగుసుకుపోతుంది. ఏడు కార్డులు మార్చాను. తప్పు కార్డుది కాదు, నలభై ఒకటో లైనుది.

ఏదైనా పరికరం ప్రాసెసర్‌ని 'చేస్తున్న పని ఆపి నా మాట విను' అని పిలిస్తే దాన్ని ఇంటరప్ట్ అంటారు. ఒక్కో పరికరం పిలుపుకి ఒక్కో లైను. ప్రమాదంలో మెషీన్ ఆపే ఎర్ర బటన్ వైరు వచ్చేది నలభై ఒకటో లైనుకే. ఎవరూ నొక్కకపోయినా అది సెకనుకి వేలసార్లు పిలిచేది. ఆ గోలలో కార్డు పిలుపు వినపడేది కాదు. మర్నాడే డెమో. ఆ లైను నోరు మూసేశాను. ఇక బటన్ నొక్కినా మెషీన్ ఆగదు, నొక్కినట్టు రికార్డూ కాదు. పక్కన 'తాత్కాలికం, సోమవారం తీసెయ్యాలి' అని రాసుకున్నాను. కార్డు వెంటనే చదివింది. మా సార్ వెంకటసుబ్బారావు గారు అందరికీ పూతరేకులు పంచారు. నేనూ రెండు తిన్నాను.

సోమవారం దాకా ఎవరాగుతారు? ఆ పెట్టెనే ఇక్కడ బిగించి ఆదివారమే మిల్లు నడిపారు. ధాన్యం పైకి తోడే బెల్టు రత్తయ్య చేతిని లాక్కుంది.

విచారణకి నేనిచ్చిన కాగితంలో ప్రతి అక్షరమూ నిజమే. 'బటన్ నొక్కినట్టు రికార్డులో లేదు.' చదువుకున్నవాళ్లం కదా, మోసం కూడా తప్పుల్లేకుండా రాస్తాం.

"పాత కార్డు తీసేసి కొత్తది పెట్టి వచ్చెయ్యమ్మా సింధూరీ. ఎల్లుండి మళ్లీ వస్తారట వాళ్లు," అన్నారు సార్ పొద్దున. లైను మూసిన ప్రోగ్రాం ఆ పాత కార్డులోనే ఉంది. అందుకే వచ్చాను.

లోపల తవుడు వాసన, ముక్కిపోయిన గోనెసంచుల వాసన. కరెంటు లేదు. ఎర్ర బటన్‌ని పోలీసులు ఊడదీసి తీసుకుపోయారు. గోడకి రెండు వైర్ల కొసలు, వాటికి నల్ల టేపు. నేను తెచ్చిన బ్యాటరీతో పెట్టెని లేపి ల్యాప్‌టాప్ తగిలించాను. అలవాటు కొద్దీ ఇంటరప్టుల పట్టిక తెరిచాను. ఏ లైను ఎన్నిసార్లు పిలిచిందో అందులో కనిపిస్తుంది. నలభై ఒకటి దగ్గర సున్నా. మూసేసిన లైను, సున్నానే ఉండాలి.

టక్.

నా వెనక... బటన్ లోపలికి వెళ్లిన చప్పుడు.

ఎలుకలనుకున్నాను. తెర వైపు చూశాను. నలభై ఒకటి: ఒకటి.

టక్. రెండు.

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను. చెమట వాసన... నా భుజం పక్కనే ఎవరో పళ్లు బిగబట్టి ఊపిరి పీలుస్తున్నారు... టక్. టక్. టక్. తొందర తొందరగా. ఆరు... ఏడు... ఆ తొందర నాకు అర్థమైంది. బెల్టు ఆగట్లేదు. ఎందుకు ఆగట్లేదో ఆ మనిషికి తెలీదు... ఎనిమిది...

తొమ్మిది మాత్రం చాలా మెల్లగా పడింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

బ్యాటరీ పీకేశాను. పాత కార్డు లాగి రెండు ముక్కలుగా విరిచేశాను. కొత్తది పెట్టడం కూడా మర్చిపోయి బయటికొచ్చాను.

"చూశారా అమ్మాయిగారూ?" అంది అమలమ్మ.

నిజం నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది. కాగితం మీద నా సంతకం గుర్తొచ్చింది.

"నొక్కలేదమ్మా."

ఆవిడ ఏడవలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "తొమ్మిదిసార్లు నొక్కానన్నాడమ్మా. కుడిచెయ్యి బెల్టులో ఉండిపోయిందంట. ఎడంచేత్తో నొక్కాడంట. పదోసారికి బటన్ అందలేదంట."

"ఎప్పుడు... ఎప్పుడు చెప్పాడు?"

"ఇందాకే. మీరు లోపలున్నప్పుడు."

మర్నాడు ఆఫీసులో కొత్త బోర్డు సీలు తీశాను. కొత్త కార్డు పెట్టాను. ఈసారి ఆ లైను తెరిచే ఉంచాను. ఇప్పుడు తెరిస్తే ఎవరికి లాభం? బోర్డు లేవగానే పట్టిక చూశాను. నలభై ఒకటి: తొమ్మిది. కార్డు తుడిచాను, మార్చాను. తొమ్మిదే.

ఇవాళ పొద్దున విచారణ వాళ్లు మళ్లీ అదే అడిగారు. మళ్లీ అదే రాసి సంతకం పెట్టాను. సిగ్గుతో నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా పెట్టాను. నా టేబుల్ దగ్గరికి తిరిగొచ్చి తెర చూశాను.

పది.

బోర్డుకి ఏ బటన్ వైరూ లేదు. పదోసారికి అందలేదనే కదా ఆవిడ చెప్పింది.