కాలు విరిగిన ఏడు

గోదావరిఖనిలో కొమురెల్లి షెడ్డుకు ముసలి బండ్లు రావడం మామూలే. ఆ వానాకాలం మధ్యాహ్నం మాత్రం మరీ తాతలనాటి కారు ఒకటి లారీ వెనక తాడు కట్టించుకొని వచ్చింది. పాత కార్లు కొని అమ్మే ఇస్మాయిల్ తెచ్చాడు. ఇంజను ఇంగ్లండులో పోతపోసిందట. అసలుదో, తర్వాత మార్చిందో తేల్చాలి.

"ఇంజను దిమ్మె మీద నంబరు చూడు కొమురెల్లన్నా. ఆకురాయితోని గీకి ఉంటె నాకొద్దు. నంబరు పోయిన బండి ఎవరిదో దేవునికి గూడ తెల్వది. నమాజు చేసుకొని వస్త," అని ఇస్మాయిల్ వెళ్లిపోయాడు.

కొమురెల్లికి ఈ పని మహా సరదా. దిమ్మె మీది అక్షరాలు చూసి ఇంజను పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. కిరసనాయిలుతో జిడ్డు తుడిచి, కాగితం అద్ది, పెన్సిలుతో అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాడు. నంబరు అచ్చు దిగాలంటే అంతే. అప్పుడే కరెంటు పోయింది. మబ్బుకు షెడ్డంతా చీకటైంది. టార్చి వేసి చూశాడు.

అక్షరాలు లేవు. ఉత్త అంకెలే. 1874.

ఏడుకు కాలు విరిగి ఉంది.

కొమురెల్లి టార్చి దగ్గరగా జరిపాడు. ఆ ఏడు తనది! బొగ్గుబాయిలో దిగేవాళ్లు టిఫిన్ డబ్బాలు కలిసిపోకుండా వాటి మీద టోకెన్ నంబరు కొట్టించుకుంటారు. కాలనీలో సగం డబ్బాలకు కొట్టింది తనే. ఏడు అంకె కొట్టే పంచు మొన విరిగి ఏళ్లయినా బద్ధకించి మార్చలేదు. 1874 పోశం నంబరు. పోయిన నెల బాయిలో కప్పు కూలి పోశం చచ్చిపోయాడు.

కళ్లు మోసం చేస్తున్నాయనుకొని మరో కాగితం అద్దాడు. రుద్దాడు.

2607.

తమ్ముడు సదయ్యది. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోయినవాడు... ఇంకా పైకి రాలేదు.

షెడ్డులో తడి బొగ్గు వాసన. దిమ్మె లోపల్నుంచి చప్పుడు. టక్... టక్... కప్పు గట్టిగా ఉందో లేదోనని బాయిలో కర్రతో తట్టి చూసే చప్పుడు.

కొమురెల్లి ఆకురాయి అందుకున్నాడు. దొంగబండ్లకు చేసే పని. జన్మలో చెయ్యనని ఒట్టు పెట్టుకున్న పని. "నీ నంబరు ఈడ ఉండనియ్య సదయ్యా... ఉండనియ్య..." అని గొణుగుతూ, ఏడుస్తూ గీకాడు. వేళ్లు చీరుకుపోయాయి. ఇనుము నున్నగా అయ్యేదాకా గీకాడు.

చప్పుడు ఆగింది.

"అన్నా..."

గుమ్మంలో తమ్ముడు. ఒంటినిండా మసి, నెత్తిన టోపీ. కొమురెల్లి ఒక్క ఉరుకున పోయి వాటేసుకున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"కప్పు కూలిందే అన్నా," తమ్ముడు గుసగుసగా అన్నాడు. "నేను పైకొచ్చిన. ల్యాంపు రూముల దీపం వాపస్ ఇచ్చి నా టోకెన్ బిళ్ల అడిగితె గిది ఇచ్చిండ్రు. గిదొక్కటే ఎవరిదో తెల్వదన్నరు."

ఇత్తడి బిళ్ల. దాని మీద నంబరు లేదు. నున్నగా ఉంది. తాజాగా ఆకురాయి గీతలు...

"అన్నా... నన్నేమని పిలుస్తరు?"

కొమురెల్లి నోరు తెరిచాడు. పేరు రాలేదు. ఎత్తుకొని పెంచిన తమ్ముడు. నాలుక మీదే ఉంది. రాలేదు. కనీసం నంబరన్నా చూద్దామని తమ్ముడి చేతిలోని టిఫిన్ డబ్బా మీద టార్చి వేశాడు.

1874.

ఆ డబ్బాను పోశంతోపాటే గుంతలో పెట్టారు. దాని మీద మట్టి వేసినవాళ్లలో కొమురెల్లి కూడా ఉన్నాడు.