పొరపాటు మాది

"అమ్మా, తాళంచెవి ఇటివ్వు. ఇకమీదట ఒక్కదానివే బయటికి వెళ్లొద్దు" అన్నాడు కొడుకు, కాఫీ తాగుతూ. "లేని అపాయింట్‌మెంట్ ఉందని కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చావు. ఇది రెండోసారి."

ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డును ఒంటిచేత్తో నడిపిన నర్సు ఆవిడ. "తొమ్మిదీ ఏడుకి ఫోన్‌లో నొక్కానురా. 'నమోదైంది' అని వచ్చింది. డైరీలో రాసుకున్నా కూడా!"

"వయసమ్మా, ఏం చేస్తాం!"

ఆవిడ తాళంచెవి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కోడలికి ప్రాణం చివుక్కుమంది. ఆ ఆసుపత్రి వెబ్‌సైట్‌ను జావా అనే కంప్యూటర్ భాషలో రాసింది తనే. "తప్పులన్నీ నమోదయ్యే మా లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు అత్తయ్యా" అని నిన్న గొప్పగా చెప్పిందీ తనే.

ఆఫీసులో డేటాబేస్ రికార్డులు తీసింది. సరిగ్గా అత్తయ్య నొక్కిన తొమ్మిదీ ఏడుకే వెబ్‌సైట్‌కు డేటాబేస్‌తో కనెక్షన్ దొరకలేదు. వెంటనే కోడ్ తెరిచింది. తప్పు జరిగితే పట్టుకోవాల్సిన క్యాచ్ బ్లాక్‌లో ఒక్క ముక్క లేదు! వచ్చిన తప్పునల్లా అది గుటుక్కున మింగేసి, తెర మీద "నమోదైంది" అని చూపిస్తోంది. రెండేళ్ల క్రితం, "తర్వాత చూద్దాంలే" అని వదిలేసింది తనే.

సాయంత్రం భర్త ముందే చెప్పేసింది. "తప్పు మీది కాదు అత్తయ్యా, నాది." కళ్లనీళ్లు ఆగలేదు. తల్లిని ఓదార్చడానికే అలా అంటోందనుకుని భర్త తాళంచెవి తిరిగివ్వలేదు.

"రోగి చార్టులో రాయకపోతే జ్వరం తగ్గినట్టేనా అమ్మాయ్?" అంది అత్తయ్య. "ఎప్పుడు, ఎవరికి, ఏమైంది, అన్నీ చార్టులో ఉండాలి. రోగికి మాత్రం ఏం జరిగిందో, ఇప్పుడేం చేయాలో రెండు ముక్కల్లో చెబితే చాలు."

కోడలు అచ్చం అలాగే మార్చింది. బాస్ దగ్గరా దాచలేదు. ఎక్కడ తప్పు జరిగినా ఒక్కచోటికి చేరి, సమయంతో, కారణంతో సహా లాగ్‌లోకి ఎక్కేలా రాసింది.

మూడోరోజు పొద్దున మళ్లీ అపాయింట్‌మెంట్ కోసం నొక్కిన అత్తయ్య, ఫోన్ పట్టుకుని కొడుకును కేకేసింది. "ఇది చదవరా, గట్టిగా!"

"మీ నమోదు జరగలేదు. పొరపాటు మాది. ఐదు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించండి." చదువుతుంటే కొడుకు గొంతు తగ్గిపోయింది.

అప్పటికే కోడలు లాగ్ చూసి ఆఫీసుకు ఫోన్ చేస్తోంది. "దొరికింది! తొమ్మిదింటికి రద్దీ పెరగ్గానే కనెక్షన్లు చాలడం లేదు. వెంటనే పెంచండి!"

రెండోసారి నొక్కితే నమోదైంది. ఈసారి ఆసుపత్రి నుంచి మెసేజ్ కూడా వచ్చింది. కొడుకు తాళంచెవి తెచ్చి తల్లి అరచేతిలో పెట్టాడు. "క్షమించమ్మా. నీ మాట నమ్మాల్సింది."

ఆవిడ కళ్లు తుడుచుకుని, డైరీ తెరిచి, గడియారం చూసి రాసుకుంది: "తొమ్మిదీ పద్నాలుగు. తాళంచెవి తిరిగి వచ్చింది."