బాయిలర్‌కు కట్టిన అట్టముక్క

పొద్దున్న ఏడు కాగానే గొట్టాలు మొదలుపెట్టాయి. ముందు వంటింటి వైపు ఒక టక్కు, తర్వాత ముందుగదిలో రెండు, ఆపైన ఎవరో సుత్తి పట్టుకుని కసి తీర్చుకుంటున్నట్టు ఎడాపెడా బాదుడు. హలీనా కాఫీ కప్పు బల్ల మీద పెట్టి చెవులు మూసుకుంది. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు, అంత శిక్ష పగవాడికి కూడా వద్దనుకున్నారు కాబోలు.

అమెరికాలోని వూస్టర్‌లో ఆ కొండవీధి ఇంటికి నూరేళ్ళు దాటాయి. హలీనా, ఆమె భర్త కలిసి దాన్ని కొని ఏడు వారాలైంది. నేలమాళిగలో బాయిలర్ నీళ్ళు మరిగిస్తే, ఆవిరి గొట్టాల్లో పైకెక్కి ప్రతి గదిలోని ఇనుప రేడియేటర్‌నూ వేడెక్కించాలి. ముందుగదిది సగం కాగి ఊరుకునేది. పడకగదిది ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. చప్పుడు మాత్రం ఏ గదికీ తక్కువ కాలేదు. బయట మంచు మోకాలెత్తున పడి ఉంటే, లోపల మొగుడూ పెళ్ళాలు కోట్లు వేసుకుని అన్నం తింటున్నారు.

చూడవచ్చిన ప్లంబర్ ఒక్క మాటలో తేల్చేశాడు. ఈ ఆవిరి గోల వద్దు, మొత్తం పీకించి కొత్త పద్ధతి పెట్టించుకోండి, గురువారం మనుషుల్ని పంపుతానన్నాడు. హలీనా సరేనంది. ఆమె భర్త ఓవెన్, “మీ నాన్నను ఒక్కసారి పిలిస్తే” అని రెండుసార్లు నసిగి, ఆమె ముఖం చూసి మాట మింగేశాడు.

ఆమె తండ్రి జెనన్ ఆ ఊళ్ళో నలభై ఏళ్ళు ఆవిరి బాయిలర్లు బాగుచేసిన మనిషి. పోలండు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, సగం చెవుడు, నాలుగు మైళ్ళ దూరంలో ఒంటరి వాటా. హలీనా క్రిస్మస్‌కు ఒకసారి, ఈస్టర్‌కు ఒకసారి వెళ్ళి అరగంట కూర్చుని వచ్చేది. కొత్త ఇంటి చిరునామా కూడా ఆయనకు చెప్పలేదు.

అంత కోపానికి కారణం ముప్ఫై ఏళ్ళ నాటిది. అద్దె వాటాలో కిరసనాయిలు పొయ్యి ఒక్కటే దిక్కయిన చలికాలంలో, ఆమె తల్లి బ్రోన్యా ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పోయింది. హలీనాకు అప్పుడు పదమూడు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి పైవాటా జడ్విగా పిన్ని ఏడుస్తూ ఎదురొచ్చి, అమ్మ ఆసుపత్రిలో పోయిందని చెప్పింది. తండ్రి ఆరింటికి వచ్చాడు, చేతుల నిండా బాయిలర్ మసితో. తల్లి చచ్చిపోతుంటే ఈయన ఎవరింట్లోనో వేడి పుట్టిస్తూ కూర్చున్నాడని ఆ పిల్ల అప్పుడే తీర్మానించుకుంది. ఆ తీర్మానం మళ్ళీ మారలేదు.

బుధవారం పొద్దున గంట మోగింది. ఓవెన్ తలుపు తీశాడు. వాకిట్లో జెనన్, చంకలో తోలుసంచీ. ఫోను చేసింది ఓవెనే అని అతని చెవులు ఎర్రబడటం చూసి హలీనాకు అర్థమైంది. ముసలాయన లోపలికి రాకుండా మెట్ల మీద నిలబడి ఇంటిని పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు. తర్వాత బూట్ల మంచు దులుపుకుని, ఎవరినీ పలకరించకుండా ముందుగది రేడియేటర్ దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు అరచెయ్యి జరిపాడు. కాళ్ళ కింద వేళ్ళు పెట్టి తడిమాడు.

“చెక్కలేవి?”

“ఏ చెక్కలు?” అంది హలీనా.

“ఈ చివరి కాళ్ళ కింద చెక్కముక్కలుండాలి. ఇది గొట్టం వైపుకి వాలి ఉంటేనే చల్లారిన నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. నీళ్ళు లోపల నిలిచిపోతే ఆవిరొచ్చి వాటిని గుద్దుతుంది. అదే ఈ మోత.”

ఇల్లు కొన్న మొదటి వారంలోనే మొగుడూ పెళ్ళాలు రసమట్టం పెట్టి చూశారు. ఒక్క రేడియేటరూ సమంగా లేదు. పాతవాళ్ళ అశ్రద్ధను తిట్టుకుంటూ చెక్కలన్నీ లాగేసి, అన్నింటినీ మట్టంగా నిలబెట్టి, ఆ సాయంత్రం గొప్పగా పండగ చేసుకున్నారు. ఊళ్ళో ఇంకెవరు చేసినా తెలియక చేశారనుకోవచ్చు. చేసింది జెనన్ కూతురు. హలీనాకు ముఖం మండిపోయింది. సిగ్గు పడటం కంటే కోపం తెచ్చుకోవడం తేలిక కనుక ఆమె ఆ పనే చేసింది.

“నాకెలా తెలుస్తుంది? ఏనాడైనా ఇంట్లో ఉన్నావా నేర్పడానికి? ఊరందరికీ వెచ్చగా ఉండాలి. మనింట్లో అమ్మ మూడు కోట్లు వేసుకుని దగ్గుతుంటే నీకు పట్టలేదు.”

“హలీనా, ఊరుకో,” అన్నాడు ఓవెన్.

“ఎందుకూరుకోవాలి? ఆరింటికొచ్చాడు. అమ్మ పోయి నాలుగు గంటలైంది. చేతిలో పని పూర్తిచేసుకుని మరీ తీరుబడిగా వచ్చాడు. ఆ ఇల్లెవరిదో గాని, వాళ్ళు చల్లగా ఉండాలి.”

సగం చెవుడున్నా ఆ మాటలు మొత్తం వినిపించాయి ఆయనకు. ఓవెన్ వైపు తిరిగి ఆ చెక్కలు పారేశారా అని అడిగాడు. కింద ఖాళీ రంగుడబ్బాలో వేశానని ఓవెన్ చెప్పగానే గోడ పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాడు.

మాట తేలకుండా వదిలే రకం కాదు హలీనా. వెనకే దిగింది. ఆయన డబ్బాలోంచి చెక్కలు ఏరుతున్నాడు. బాయిలర్ పక్క గొట్టానికి తీగతో కట్టిన పాత అట్టముక్కల గుత్తి ఆమె భుజానికి తగిలి ఊగింది. బాయిలర్ మీద చెయ్యి వేసిన ప్రతి పనివాడూ తేదీ, చేసిన పని, పేరు రాసి వదిలి వెళ్ళడం ఆ వృత్తిలో ఆచారం. ఆమె ఇన్నాళ్ళూ వాటిని చదవలేదు. ఇప్పుడు ఒక అట్ట మీద ఏడు అంకె కనబడింది, నడుముకు అడ్డగీతతో. ఏడును అలా రాసే మనిషి ఆమెకు ఒక్కడే తెలుసు.

“1987 జనవరి 27. రేడియేటర్లు వాలు సరిచేస్తున్నా. పన్నెండుంపావుకి ఫోను. భార్యకు బాగాలేదు. పని సగంలో వదిలి వెళ్తున్నా. జెనన్.” దాని కిందే ఇంకో వరుస. “ఫిబ్రవరి 2. మిగతా చెక్కలు పెట్టాను. పూర్తయింది. జెనన్.”

ఆ రెండు తేదీల మధ్యనే తల్లిని పూడ్చిపెట్టారు. హలీనా బొగ్గుతొట్టి అంచున కూర్చుంది.

“ఈ ఇంట్లోనేనా?” అంది. ఆయనకు వినబడలేదు. ఆమె ఆ అట్టను తీగలోంచి ఊడదీసి దగ్గరికెళ్ళి చూపించింది. “పన్నెండుంపావుకే వెళ్ళిపోయావా?”

“ఆసుపత్రికి. రెండింటిదాకా అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నా. తర్వాత కాగితాలు, చర్చిలో ఫాదరు, శవపెట్టె మాట్లాడటం. ఆరైపోయింది. చేతులు కడుక్కోవాలని తోచలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా? ముప్ఫై ఏళ్ళు.”

జెనన్ చెక్కముక్కను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

“ఆ పొద్దున అమ్మకి జ్వరం ఎక్కువగా ఉందని నీకు తెలుసు. తెలిసే బడికెళ్ళావు. అమ్మే పొమ్మంది. కానీ నువ్వు ఆ ముక్కే పట్టుకుని కుళ్ళిపోయేదానివి. ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి కదా చిన్నపిల్లకి. నా మీదైతే పోనీలే, ఓర్చుకోగలననుకున్నా.” చెక్కను పక్కన పెట్టాడు. “పెద్దయ్యాక తగ్గుతుందనుకున్నా, హలింకా.”

హలింకా ఆమె చిన్నప్పటి ముద్దుపేరు. ఆయన మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే హలీనా తట్టుకునేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మసి నేల మీద చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుపుతో ముప్ఫై ఏళ్ళు వెనక్కి రావని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

తర్వాత తండ్రీ కూతుళ్ళు పైకెళ్ళారు. ఓవెన్ ఇనుపకమ్మీతో రేడియేటర్ చివరను కాస్త ఎత్తితే, తండ్రి చూపించిన చోట హలీనా చెక్క దోపింది. అలా ఐదు గదులూ తిరిగారు. బాయిలర్ వెలిగించి వచ్చి ముందుగదిలో నిలబడ్డారు. ఆవిరి ఎక్కుతోంది. చిన్న బుస ఒకటి వినిపించి ఆగింది. ఇనుము ఈ చివర నుంచి ఆ చివరదాకా కాగింది.

“మోత వస్తోందా?” అనడిగాడు జెనన్. నలభై ఏళ్ళ బాయిలర్లు తినేసిన చెవులవి.

“లేదు నాన్నా.”

“ఆ?”

హలీనా ఆయన చెవి దగ్గరికి వంగింది. “లేదు. ఆగిపోయింది.”

ఆయన తలాడించి జేబులోంచి పెన్సిలు తీసి ఆమెకిచ్చాడు. చెక్కలు పెట్టింది నువ్వు, అట్ట మీద నువ్వే రాయాలన్నాడు. సంచీ సర్దుకుని, చేతితొడుగులు అందుకుని తలుపు వైపు నడిచాడు. “ఈస్టర్‌కి కలుద్దాంలే,” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. వాళ్ళ మధ్య ఏళ్ళుగా నడుస్తున్న అలవాటు అది.

ఈస్టర్‌కు ఇంకా మూడు నెలలుంది. హలీనా ఆయన చేతిలోంచి తొడుగులు లాక్కుని రేడియేటర్ మీద పరిచింది.

“తడిసిపోయాయి. ఆరేదాకా కూర్చో. సూప్ వెచ్చబెడతా.”

తొడుగులు పొడిగానే ఉన్నాయి. ఆయన వాటి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. కోటు విప్పి కూర్చున్నాడు.